కోడి రామమూర్తి నాయుడుగారు - వారి సాధన, సాధనములు

కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని ఆంధ్రుడు అరుదు. రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనిన కలియుగ భీముడనియు, ఛాతీని పొంగించి ఇనుపగొలుసును త్రెంచిన మల్లుడనియు తాతలు మనుమలకు చెప్పుచుందురు. విశాఖపట్టణపు సముద్రతీరపు బాటపై వారి విగ్రహము కలదు. శ్రీకాకుళమున క్రీడామైదానమునకు వారి పేరే పెట్టబడినది. ఐనను, ఏనుగు నెక్కించుకొనుటకు పూర్వము వారు దేనితో సాధన చేసిరి, ఏ పనిముట్టును చేతబట్టిరి, దేనిని విడిచిపెట్టిరి అని అడుగువారు మిక్కిలి తక్కువ. ఈ సంవత్సరపు సంచికలో మేము ప్రధానముగా చెప్పదలచిన దదియే.

దీనికి కారణము లేకపోలేదు. ఇంటిలో వ్యాయామము చేసికొనుటకు ఏ పనిముట్లు కొనవలెనని మన పాఠశాల బాలురును, వారి తలిదండ్రులును మమ్ము తఱచుగా అడుగుచున్నారు. ఆ తండ్రులలో ఓడరేవున బరువులు మోయువారు కలరు, ఉక్కు కర్మాగారమున కొలిమి యొద్ద నిలుచువారు కలరు. కుమారుడు అడిగినాడు కదా యని వాయిదాల మీద పెద్ద యంత్రమును కొని, రెండు గదుల యింటిలో ఒక గది దానికే యిచ్చిన సంసారములను మేమెఱుగుదుము. ఆఱు నెలలు గడచునప్పటికి ఆ యంత్రముపై తడిబట్టలు ఆరుచుండును. వాయిదాలు మాత్రము నిలువవు. వేఱొక యింట, చేయి పట్టువాడెవడును లేకయే పిల్లవాడు బరువైన కడ్డీని పరుండి యెత్తబోయి, అది మీద పడి నెలరోజులు మంచము పట్టెను. కావున ఇది వేడుకకై అడుగు ప్రశ్న కాదు. ఇంటి సొమ్మునకును పిల్లవాని యెముకలకును సంబంధించిన ప్రశ్న. దీనికి అంగడివానికంటె రామమూర్తి నాయుడుగారి జీవితము మంచి సమాధానము చెప్పునని మా నమ్మకము.

నాయుడుగారు 1882వ సంవత్సరమున వీరఘట్టములో జన్మించిరని వారి చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆ యూరు చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. తండ్రి పేరు వెంకన్ననాయుడుగారు. చిన్ననాటనే తల్లి గతించుటచే బాలుడు విజయనగరములో పోలీసు ఉద్యోగము చేయుచున్న పినతండ్రి నారాయణస్వామిగారి యింటికి చేరెను. పసితనమున ఉబ్బసముతో బాధపడిన దుర్బలుడని కూడ ఒక కథనము కలదు. పుట్టుకతోనే పర్వతమువంటి దేహము కలవాడని యెంచువారు ఈ మాటను గమనింపవలెను.

ఆనాటి విజయనగరము సంగీత సాహిత్యములకు ఎంత పేరుగన్నదో సాముగరిడీలకును అంత పేరుగన్నది. పూసపాటివారి ఆదరణమున కవులు, గాయకులే కాక మల్లులును జీవించిరి. పేటపేటకు తాలింఖానా యుండెడిది. దానిలో ఏమేమి యుండెడివో నేటి బాలురకు తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరింతుము. నేలను త్రవ్వి, ఱాళ్లు ఏరి, మెత్తని మన్ను నింపిన గోదా యొకటి; పడినను దెబ్బ తగులకుండుటకు అదియే పరుపు. ఎవరి బలమునకు తగినది వారు ఎత్తుటకు చిన్నవియు పెద్దవియునైన గుండుఱాళ్లు. భుజము చుట్టును త్రిప్పుటకు ముద్గరములనబడు కఱ్ఱగదలు. గోడన ఆంజనేయస్వామి పటము. ఇంతకుమించి విశేషముగా నేమియు లేదు. మిగిలినదంతయు దేహమే: అరచేతులు నేలనానించి తీయు దండెములు, కూర్చుండి లేచు బస్కీలు, ఎదుటివాని బరువునే బరువుగా చేసికొను కుస్తీ. మన ఉత్తర జిల్లాల పల్లెలలో పండుగలనాడు సంగిడిఱాళ్లు ఎత్తు పందెములు జరుగుట నేటికిని చూడవచ్చును. అది ఆ పాత తాలింఖానా యొక్క శేషమే.

ఇట్టి చోట రామమూర్తి బాలుడు పెరిగెను. బడికంటె గోదాపైననే ఆతనికి మక్కువ హెచ్చని చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మాకు ఈ మాట అంత రుచింపదు గాని, ఉన్నమాట దాచరాదు. ఇరువదియొక్క యేండ్ల ప్రాయమునకే టన్నున్నర బరువును రొమ్ముపై నిలుపగలిగిరనియు, పిమ్మట అది మూడు టన్నులకు పెరిగెననియు వారి చరిత్రలలో వ్రాయబడినది.

సరిగా ఆ కాలముననే పాశ్చాత్య దేశములనుండి క్రొత్త పనిముట్లు మన దేశమునకు దిగుచుండెను. వాటిని ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు యూజెన్ శాండో. ఆయన 1867లో ప్రష్యా దేశమున పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, 1898లో వ్యాయామ పత్రిక నొకటి స్థాపించి, 1901లో లండను ఆల్బర్టు హాలులో దేహసౌష్ఠవపు పోటీని నడిపెను. 1904-05లలో భారతదేశమునకు వచ్చి తన బలమును ప్రదర్శించెను. రెండు సగములుగా చీలి నడుమ తీగచుట్టలు గల డంబెల్సును, గోడకు తగిలించి లాగు రబ్బరు త్రాళ్లను ఆయన పేరుతో అమ్మిరి. పట్టణములలో చదువుకొనిన యువకులు పలువురు వాటిని తెప్పించుకొనిరి. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పక తప్పదు. శాండో తాను బలమును సంపాదించినది ఆ తేలిక డంబెల్సుతో కాదు. ప్రొఫెసరు అట్టిలా అను గురువు చెంత బరువైన ఇనుమును ఎత్తి సంపాదించెను. అమ్మినది వేఱు, తాను సాధన చేసినది వేఱు. నేడు పత్రికలలోను, చేతిలోని ఫోనులోను కండలు చూపుచు పనిముట్లమ్మువారిని చూచునపుడు మాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును.

రామమూర్తి నాయుడుగారును కొంతకాలము ఈ పాశ్చాత్య పద్ధతులను అభ్యసించి, తమకు సరిపడక విడిచి, దండెములకును బస్కీలకును ప్రాణాయామమునకును మరలిరని చెప్పుదురు. దీనిని విదేశీ వస్తువుపై ద్వేషమని యెంచరాదు. సౌలు రాజు తన శిరస్త్రాణమును కవచమును దావీదునకు తొడిగింపగా, ఆ బాలుడు వానితో నడచిచూచి, వాడుక లేనందున విప్పివేసి, ఏటిలోని ఐదు నున్నని ఱాళ్లను ఏరుకొనిన కథ మన బాలురకు బాగుగా తెలియును. సౌలు కవచము చెడ్డది కాదు; దావీదు మేనికి కుదురలేదు, అంతే. నాయుడుగారు చేసినదియు ఇట్టిదే. తొడిగిచూచిన తరువాతనే విప్పిరి. వినికిడి మీద విప్పలేదు.

మఱియొక తమాషా కలదు. మన ముద్గరములను ఇక్కడి సిపాయిల వద్ద చూచిన ఆంగ్ల సేనాధికారులు వానిని తమ దేశమునకు గొనిపోయిరి. అక్కడ వాని బరువును తగ్గించి, నున్నగా చిత్రికపట్టి, ఇండియను క్లబ్బులని పేరుపెట్టి బడులలో నేర్పిరి. 1904లో అమెరికాలోని సెయింటులూయీ ఒలింపిక్ క్రీడలలో ఆ గదలు త్రిప్పుట ఒక పోటీగా కూడ నుండెను. పిమ్మట అవియే ఓడలెక్కి మన పాఠశాలల వ్యాయామ తరగతులకు విదేశీ వస్తువులవలె తిరిగివచ్చినవి. విజయనగరపు తాలింఖానాలో మూలనుండిన కఱ్ఱగదకును, సీమనుండి వచ్చిన క్లబ్బునకును భేదము మెఱుగునందే కలదు.

బలము కలవాడు బడిపంతులగుట యరుదు. నాయుడుగారు అగుటకు సిద్ధపడిరి. మద్రాసు చేరి సైదాపేటలో ఒక యేడు వ్యాయామ శిక్షణము పొంది, విజయనగరమునకు మరలివచ్చి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిరి. మద్రాసు వై.ఎం.సి.ఏ. వారి వ్యాయామ కళాశాలను హారీ క్రో బక్కుగారు స్థాపించినది 1920లో గనుక, నాయుడుగారి సైదాపేట శిక్షణము దానికి చాల పూర్వపుది. మన రాష్ట్రపు పాతతరపు ఉపాధ్యాయులకు సైదాపేట యనగా ఒక తీర్థమే. ఆ ఇసుకనేలపై వరుసలు దీరి చేయు కవాతునుండి నాయుడుగారు తెచ్చుకొనినది ఒకటి కలదని మేము తలంతుము: ఒక్కనికి బలము కలుగుట వేఱు, నలుబదిమంది బాలురకు క్రమముగా నేర్పుట వేఱు అను తెలివి.

ఆ ఉద్యోగములో వారు చిరకాలము నిలువలేదు. విజయనగరమున పొట్టి పంతులుగారను మిత్రుని తోడ్పాటుతో సర్కసు నొకటి స్థాపించి, తెలుగు పట్టణములలోను, పిమ్మట భారతదేశమంతటను, విదేశములలోను ప్రదర్శనలిచ్చిరి. మెడకును భుజములకును ఉక్కుగొలుసు చుట్టించుకొని, శ్వాసను బిగించి దానిని త్రెంచుట. రెండు చేతులకు రెండు మోటారుకార్లను త్రాళ్లతో కట్టించుకొని, అవి ఎదురెదురు దిక్కులకు లాగినను కదలక నిలుచుట. రొమ్ముపై పెద్ద చెక్కను పఱపించి దానిపై ఏనుగు నెక్కించుట వారి ప్రసిద్ధ విద్యలు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తియెదుట ప్రదర్శనమిచ్చి ఇండియను హెర్క్యులీసను బిరుదము పొందిరని ప్రతీతి. కలియుగ భీముడు, మల్లమార్తాండుడు అను బిరుదములును వారికి కలవు.

ఈ విద్యలను మాయయని త్రోసివేయువారును, దైవశక్తియని చేతులు జోడించువారును కలరు. మేము పదార్థవిజ్ఞానము చెప్పుకొను బడివారము గనుక మూడవ మార్గమున పోవుదుము. ఏనుగు పాదము తిన్నగా రొమ్ముపై పడిన నెవ్వడును బ్రదుకడు. వెడల్పైన చెక్కపై పడినపుడు ఆ భారము విశాల ప్రదేశమున పంచబడును. చెక్క యొక అంచు నేలనానియున్న యెడల భారములో కొంత నేలయే మోయును. మిగిలిన భారమునకే సామాన్యుని ప్రక్కటెముకలు పొడియగును. గాలిని నిండుగా పీల్చి బిగించిన ఛాతీ, ఏండ్లతరబడి కుస్తీలో గట్టిపడిన కండరములు గలవాడే దానిని సహింపగలడు. గొలుసు సంగతియు నంతే: గొలుసులో అన్నిటికంటె బలహీనమైన లంకె యెప్పుడును ఒకటి యుండును, బిగించిన దేహము తన శక్తినంతయు దానిపై చూపును. శాస్త్రము తెలిసినందున నాయుడుగారి ఘనత మాకు తగ్గలేదు, పెరిగినది. చెక్క ఎట్లు పెట్టవలెనో, ఎప్పుడు ఊపిరి బిగింపవలెనో, ప్రక్కన ఎవరెవరు నిలువవలెనో వారికి వేలిలెక్కగా తెలిసియుండవలెను.

ఇచ్చటనే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము కలదు. ఏనుగు, గొలుసు, మోటారుకారు - ఇవి నాయుడుగారి ప్రదర్శన సాధనములే కాని, వారి బలమును పుట్టించిన సాధనములు కావు. జనులు చూచినది డేరాలోని ఏనుగును. ఏనుగు వచ్చుటకు ఎంతో ముందు, తెల్లవాఱక మునుపు ఎవరును చూడని గోదాలో వారు తీసిన దండెములను ఎవరును లెక్కింపలేదు. నేటి బాలుడు ఫోనులో చూచు అద్దాలమేడ వ్యాయామశాల, అందలి మెఱయు యంత్రములు, ఆ ఏనుగువంటివి. ఏనుగును చూచి ఏనుగును కొనబోవుటయే మనము చేయుచున్న పొరపాటు.

మఱి ఏమి కొనవలెను? మా అభిప్రాయమున మొదటి మూడు నెలలు ఏమియు కొననక్కఱలేదు. ఒక చాపయు, నిలుచుండి చేతులు చాచుటకు చోటును చాలును. దండెములు, బస్కీలు, గుండెకు శ్రమ కలిగించుటకు దాటు త్రాడు - వీనిని తప్పక చేయువానికే తరువాతి వస్తువు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ప్రకటించిన దానిప్రకారము అయిదునుండి పదునేడేండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను చెమట పట్టు శ్రమ చేయవలెను. వారమునకు 3 దినములైనను కండరములను గట్టిపఱచు వ్యాయామము అందుండవలెను. ఇందులో యంత్రము ప్రస్తావన లేదు.

మూడు నెలలు నిలిచిన పిమ్మట గోడలనడుమ గట్టిగా బిగించిన వ్రేలాడు కడ్డీ యొకటి పెట్టించుట మేలు. దండెములు ఛాతీని, బస్కీలు తొడలను పెంచును గాని, వీపును లాగు పని వానిలో తక్కువ. ఆ లోపమును ఈ కడ్డీ తీర్చును. బిగించినవాడు పెద్దవాని బరువును వ్రేలాడదీసి పరీక్షించిన తరువాతనే పిల్లవానిని తాకనీయవలెను. ఆ తరువాత బిళ్లలు మార్చుటకు వీలగు డంబెల్సు జత. స్థిరమైన బరువుగల జతలు పది కొనుటకంటె మార్చుకొను జత యొకటి చాలును. చోటును, సొమ్మును మిగులును. బిళ్లలను నిలుపు మరచుట్టు వదులుగా నున్న దానిని ఎంత చౌకయైనను కొనరాదు. ఇనుపబిళ్లలు అరుగునవి కావు గనుక పాతవి కొనుటలో నష్టము లేదు. తీగలు, పట్టీలు గల పాత యంత్రములను మాత్రము నమ్మరాదు. గట్టి గోనెసంచిలో ఇసుక పోసి మూతి కుట్టినను మంచి బరువే. ఓడరేవు కూలీలు గోనెసంచులతోనే మన పాఠశాలలోని ఏ బాలునికిని లేని వీపును సంపాదించినారు.

పొడవైన కడ్డీని కొనబోవువారు ముందు గదిని కొలువవలెను. పోటీలలో పురుషులు వాడు కడ్డీ బరువు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు, స్త్రీలది 15 కిలోలు. అనగా ఏడడుగులకు మించిన కడ్డీ. ఎనిమిదడుగుల గదిలో బిళ్లలెక్కించుటకే చోటుండదు. మేడపై నివసించువారు దానిని నేలపై వదలిన యెడల క్రింది యింటివారి కప్పు మాట యేమి? అట్టి కడ్డీని పరుండి యెత్తునపుడు ప్రక్కన పెద్దవాడొకడు తప్పక నిలువవలెను. నాయుడుగారంతటివారే తోడు లేక ఏనుగు క్రింద పరుండలేదు.

విశాఖపట్టణమువారికి ఇంకొక చిక్కు కలదు. సముద్రపు ఉప్పుగాలి ఇనుమును తినివేయును. తీరమునకు దగ్గఱగా, తెఱచిన వరండాలో పెట్టిన డంబెల్సు ఒక్క వర్షాకాలమునకే ఎఱ్ఱబాఱును. రబ్బరు తొడుగు గలవి మేలు. లేనివానిని వారమున కొకమాఱు తుడిచి, పలుచగా నూనె రాచి, గదిలోపల ఉంచవలెను. పరుగెత్తు పట్టీయంత్రమును గుఱించి మా మాట కఠినముగా తోచవచ్చును. రామకృష్ణా తీరమున ఉదయపు చల్లగాలి, మైళ్లపొడవు బాట దేవుడు ఉచితముగా ఇచ్చియుండగా, విద్యుచ్ఛక్తితో కదలు పట్టీపై గోడను చూచుచు పరుగెత్తుట మాకు వింతగా తోచును. వృద్ధులకును, మోకాళ్లు నొచ్చువారికిని, వైద్యుడు చెప్పినవారికిని అది వేఱు సంగతి.

బరువులెత్తిన పిల్లవాడు పొడుగు పెరుగడను భయము మన పేటలలో ఇంకను కలదు. తగిన బరువును, నేర్పినవారి కంటియెదుట ఎత్తిన యెడల ఎదుగుదల ఆగదని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆడపిల్లలకు తగదనువారికి ఆమదాలవలస దగ్గఱి ఊసవానిపేటను చూపుదుము. అక్కడి పాకలో సాధన మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్సున 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్య పతకము తెచ్చిరి. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆమెయే.

నాయుడుగారి కథకు మరలుదము. వారు శాకాహారులు, ఆంజనేయభక్తులు. సర్కసు వలన విశేషముగా ధనము సంపాదించి, విశేషముగా దానధర్మములు చేసిరని చెప్పుదురు. మల్లుని దేహము కూడ దేహమే గదా. ప్రదర్శన సమయమున ఒకమాఱు ప్రక్కటెముకకు దెబ్బ తగిలి శస్త్రచికిత్స అవసరమయ్యెనని కొందఱు వ్రాసిరి. తుదకు కాలికి పుండులేచి, ఆ కాలినే తీసివేయవలసివచ్చెను. రెండు కార్లను నిలిపిన కాలది. ఆ సమయమున మత్తుమందు వలదని, ప్రాణాయామముతో శ్వాసను నిలిపి, కదలక శస్త్రచికిత్సను సహించిరని చెప్పుదురు. తాలింఖానా, సర్కసు, ఏనుగులు, గొలుసులు అన్నియు అప్పటికి దూరమైనవి; ఉబ్బసపు పసివానిగా మొట్టమొదట అభ్యసించిన ఊపిరి యొకటే వారి చేతనుండెను.

చివరి దినములను వారు ఒరిస్సాలోని బలాంగీరు పట్నా సంస్థానమున అచ్చటి రాజుగారి ఆదరణమున గడపిరి. అచ్చటనే 1942వ సంవత్సరము జనవరి 16వ తేదీన పరమపదించిరి.